వాడిన అల్లాయ్ చక్రాలు స్విఫ్ట్‌కు వేయించే ముందు చూడవలసినవి, రంగు వేయించే పద్ధతి

పానగల్లు_పథికుడు (నల్లగొండ) అడిగిన ప్రశ్న

మా ఇంట్లో 2014 నాటి స్విఫ్ట్ డీజిల్ కారు ఉంది. కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప డిస్కుల మీద 165/80 ఆర్14 టైర్లతోనే ఇంతకాలం నడిచింది. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదుకు, అప్పుడప్పుడు మిర్యాలగూడకు, దేవరకొండకు తిరిగే బండి ఇది. టైర్లు ఎలాగూ మార్చే సమయం వచ్చింది కనుక, ఈ సందర్భంలోనే 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు కూడా వేయించాలని అనుకుంటున్నాను.

వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో వాడిన సెట్ ఒకటి చూశాను. నాలుగూ ఒకే డిజైన్. ఒక్కొక్కదానికి ఎనిమిది రంధ్రాలు ఉన్నాయి. వెనుక వైపు 15 × 6.5 జే (వ్యాసం, రిమ్ము వెడల్పు అంగుళాల్లో) అని, ఈటీ 38 అని, మధ్య రంధ్రం 73.1 అని అచ్చు పోసి ఉంది. అంచులు ఫుట్‌పాత్ రాళ్ళకు రాసుకుపోయాయి. రెండు చక్రాల మీద పైపొర కింద తెల్లటి సన్నని గీతలు పాకినట్లు కనిపిస్తున్నాయి. ఒకదాని లోపలి అంచు కొద్దిగా వంగి ఉంటే, వేడి చేసి సరిచేసి ఇస్తామని అమ్మేవారు అంటున్నారు.

ఇవి మా బండికి కూర్చుంటాయా? గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చి గట్టిపరచడం) చేసే షాపు మా ఊళ్ళోనే ఉంది, నాలుగింటికీ కలిపి తక్కువ ధరకే చేస్తామన్నారు. అక్కడ చేయించవచ్చా, లేక ఇంటి దగ్గరే స్ప్రే చేసుకోవడం మేలా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరని మనవి.

పాలమూరు_పానా (మహబూబ్‌నగర్)

పథికుడు గారూ, రంగు సంగతి తరువాత చూద్దాం. ముందుగా ఆ చక్రం మీ హబ్ (బండికి చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో తేల్చుకోండి. చాలామంది మొదట రంగు వేయించి, టైర్లు ఎక్కించి, ఆ తరువాత బండి వణుకుతోందని షెడ్డుకు వస్తారు.

మొదట పీసీడీ, అంటే నట్ల రంధ్రాల నడిమధ్యల గుండా పోయే వలయం వ్యాసం. స్విఫ్ట్‌కు నాలుగు స్టడ్‌లు (నట్లు ఎక్కే మర కడ్డీలు), 100 మి.మీ. పీసీడీ. నాలుగు రంధ్రాల చక్రంలో ఎదురెదురు రంధ్రాల నడిమధ్య నుంచి నడిమధ్యకు కొలిస్తే వచ్చేదే పీసీడీ కనుక వర్నియర్ కాలిపర్‌తో మీరే కొలుచుకోవచ్చు. ఎనిమిది రంధ్రాలున్నాయంటే అది రెండు రకాల బండ్లకు పనికివచ్చేలా తయారైన చక్రం. అందులో సాధారణంగా ఒక వరుస 100 ఉంటుంది, రెండోది 108 గాని 114.3 గాని ఉంటుంది. మీకు ఆ 100 వరుస ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఫియట్ వారి కొన్ని బండ్లకు 98 మి.మీ. పీసీడీ ఉండేది. అలాంటి చక్రాన్ని స్విఫ్ట్ స్టడ్‌లకు బలవంతంగా ఎక్కించి బిగించే మహానుభావులు కూడా ఉన్నారు. ఆ 2 మి.మీ. తేడా వల్ల నట్టు తన గుంటలో ఒక పక్కకే ఆని, స్టడ్ ఎప్పుడూ వంపు ఒత్తిడిలో ఉంటుంది.

రెండవది మధ్య రంధ్రం. మారుతి హబ్ బొడ్డు 54.1 మి.మీ. మీరు చూసిన చక్రానిది 73.1. అంటే మధ్యలో చుట్టూ దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. నట్ల ఏటవాలు వల్ల చక్రం మధ్యకు వస్తుందనేది నిజమే గాని, బిగించేటప్పుడు బండి బరువు పడితే కొంచెం పక్కకు జరిగి అక్కడే బిగుసుకుంటుంది. గంటకు 80 దాటాక స్టీరింగ్ వణకడానికి, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా అది పోకపోవడానికి తరచుగా ఇదే కారణం. దీనికి హబ్ రింగులు దొరుకుతాయి. బయట 73.1, లోపల 54.1 కొలతలున్న రింగులు నాలుగు అడిగి తీసుకోండి. ప్లాస్టిక్‌వి కూడా పనిచేస్తాయి. అయితే ముందు బ్రేకుల వేడికి కొన్నాళ్ళకు పగలవచ్చు కనుక నేను అల్యూమినియం రింగులనే వేస్తాను. బరువు మోసేది రింగు కాదు, నట్ల బిగింపు. చక్రాన్ని మధ్యలో నిలబెట్టడం వరకే రింగు పని.

మూడవది ఈటీ. చక్రం వెడల్పు మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉందో ఈ అంకె చెబుతుంది. అంకె తగ్గినకొద్దీ చక్రం మడ్‌గార్డు వైపు బయటకు వస్తుంది. మీ పాత డిస్కు వెనుక ఉన్న అంకెలు చదివి లెక్క వేసుకోండి. ఉదాహరణకు పాతది 5.5 జే, ఈటీ 45 అనుకుంటే, కొత్తది 6.5 జే కనుక ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. వెడల్పు పెరిగింది. అందులో సగం 12.7 బయటికి, సగం లోపలికి పోతుంది. ఈటీ 7 తగ్గింది కనుక బయటి అంచు 12.7కు 7 కలిపి 19.7 మి.మీ. బయటకు వస్తుంది, లోపలి అంచు 5.7 మి.మీ. మాత్రమే స్ట్రట్ (సస్పెన్షన్ కడ్డీ) వైపు జరుగుతుంది. లోపల తగిలే భయం తక్కువే. బయట మాత్రం నలుగురిని ఎక్కించి, డిక్కీలో సామాను వేసి, వెనుక మడ్‌గార్డు అంచుకు ఎంత ఖాళీ మిగిలిందో చూడాలి. ఖాళీ బండిలో తగలనిది నిండు బండితో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు తగులుతుంది. వరి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచులకు రాళ్ళు పెట్టే మన దారుల్లో ఇది ఇంకా ముఖ్యం.

టైరు కొలత విషయంలో మీరు అదృష్టవంతులు. ఇప్పుడున్న 165/80 ఆర్14 మొత్తం ఎత్తు 619.6 మి.మీ., 185/65 ఆర్15 ఎత్తు 621.5 మి.మీ. తేడా రెండు మిల్లీమీటర్ల లోపే కనుక స్పీడోమీటర్ మారదు, ఇనుప స్టెప్నీని కూడా అవసరానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి. 185/65 టైరుకు అనుమతించే రిమ్ము వెడల్పు 5 నుంచి 6.5 అంగుళాల దాకానే, అంటే మీ చక్రం చివరి హద్దులో ఉంది. 195/60 ఆర్15 అయితే 6.5 జే మీద కాస్త హాయిగా కూర్చుంటుంది, ఎత్తు 615 మి.మీ.కు తగ్గుతుంది. నా ఓటు మాత్రం 185/65కే, ఎందుకంటే మన రోడ్ల మీద రిమ్మును కాపాడేది టైరు గోడ ఎత్తే.

ఇక ఆ వంగిన చక్రం. గ్యాస్ మంటతో వేడిచేసి సరిచేస్తామన్న దాన్ని దయచేసి తీసుకోవద్దు. కారణం రంగుల పని తెలిసినవారు ఇంకా బాగా చెబుతారు.

రంగుల_షెడ్డు (జడ్చర్ల)

పానా గారు నా వైపు చూపించారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. పోత అల్లాయ్ చక్రాల్లో అల్యూమినియంతో పాటు సాధారణంగా 7 శాతం దాకా సిలికాన్, అతి కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. పోత పోసిన తరువాత దాన్ని దాదాపు 540 డిగ్రీల వద్ద వేడిచేసి, నీటిలో చల్లార్చి, మళ్ళీ 150, 170 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచుతారు. చక్రానికి బలం వచ్చేది ఈ చివరి దశలోనే. గ్యాస్ మంట పెట్టినచోట లోహం ఆ హద్దును ఎప్పుడో దాటిపోతుంది. అంచు గుండ్రంగా కనిపిస్తుంది గాని ఆ భాగం మెత్తబడి ఉంటుంది, తరువాతి గుంతకు ఇంకా సులభంగా వంగుతుంది. లోపలి అంచు కొద్దిపాటి వంపును వేడి లేకుండా హైడ్రాలిక్ ప్రెస్ మీద నిదానంగా సరిచేసే వారున్నారు. పగులు లేదని తేలితే దానికి నేను అభ్యంతరం చెప్పను. ఆకుల (చక్రం నడుమ నుంచి అంచుకు పోయే కమ్ముల) మీద, నట్ల రంధ్రాల చుట్టూ పగులు ఉన్న చక్రాన్ని మాత్రం వెల్డింగ్ చేసి వాడే ప్రశ్నే లేదు.

కొనేముందే పగులు వెతకండి. చక్రం వెనుక భాగాన్ని కిరోసిన్‌తో కడిగి, ఆరాక ఎండలో తిప్పుతూ చూస్తే ఆకుల మొదళ్ళలో, లోపలి గోడ మీద నూనె చెమ్మ పట్టిన సన్నని గీత కనిపిస్తుంది. అనుమానం ఉంటే ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లే పరీక్ష ఉంది. పగులులో దిగిన ఎరుపు తెల్లదనం మీదికి ఊరుతుంది. మొదటే రంగు వేస్తే ఇవన్నీ కప్పబడిపోతాయి. కొత్తగా రంగు వేసి మెరుస్తున్న పాత చక్రాలు అమ్మకానికి కనిపిస్తే నాకు సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ కలుగుతుంది.

ఇప్పుడు మీ ఊరి పౌడర్ కోటింగ్ షాపు. పౌడర్ కోటింగ్ మంచి పనే, రాయి తగిలినా త్వరగా లేవదు. ఇబ్బంది అంతా ఆ షాపు ఇనుముకు అలవాటు పడటంలో ఉంది. గేట్లు, గ్రిల్స్ తుప్పు వదలడానికి యాసిడ్ తొట్టిలో ముంచుతారు, జిడ్డు పోవడానికి క్షారపు తొట్టిలో ముంచుతారు, తరువాత ఫాస్ఫేట్ పొర వేస్తారు. ఇనుముకు అది సరైన వరుస. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది, బుడగలు లేస్తూ పైపొర కరిగిపోతుంది. దానికి వేరే రకం ద్రవం, వేరే పొర కావాలి. పాత రంగు తీయడానికి అల్యూమినియానికి పనికివచ్చే స్ట్రిప్పర్ గాని, సన్నని గాజు పూసలతోనో అల్యూమినియం ఆక్సైడ్‌తోనో తక్కువ గాలి ఒత్తిడిలో చేసే బ్లాస్టింగ్ గాని వాడాలి. ముతక ఇసుకతో కొడితే ముఖం గుంతలు పడుతుంది.

ఓవెన్ కూడా చూడండి. పౌడర్ గట్టిపడటానికి సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీలు, లోహం ఆ వేడికి చేరాక 10 నుంచి 20 నిమిషాలు చాలు. గ్రిల్స్ పనిలో ఓవెన్ 220కి ఎక్కినా, అరగంట ఎక్కువ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. చక్రానికి అది పనికిరాదు. పైన చెప్పిన బలం తగ్గేది ఇలాంటి చోటే. ఒకసారికి పెద్ద నష్టం లేకపోవచ్చు గాని, పదే పదే తీసి పదే పదే కాల్చిన చక్రాన్ని నేను నమ్మను. ఇంకో సంగతి, పోత లోహంలో సన్నని రంధ్రాల్లో గాలి, పాత నూనె దాగి ఉంటాయి. పౌడర్ చల్లక ముందే చక్రాన్ని ఒకసారి వట్టిగా ఓవెన్‌లో వేడి చేయకపోతే, అవి తరువాత బయటకు తన్ని పైపొర నిండా సూదిమొన రంధ్రాలు పడతాయి. మీ షాపువారిని ఈ మూడు విషయాలు అడగండి. తడుముకోకుండా చెబితే ఇవ్వండి, లేకపోతే పలకరించి వచ్చేయండి.

మీరు చూసిన తెల్లటి గీతలు పైపొర కింద పాకే తుప్పు. అది ఉన్నచోట మీద గరుకు పేపరు కొట్టి రంగు వేస్తే మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. లోహం మెరిసేదాకా తీయవలసిందే.

నిడమనూరు_బాట (మిర్యాలగూడ రోడ్డు)

పెద్దలు చెప్పిన వాటికి రెండు మాటలు కలుపుతాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మీ విషయంలో 185/65 ఆర్15 అదే మోడల్ పై వేరియంట్లకు కంపెనీ ఇచ్చిన టైరు కొలతే కనుక చిక్కు తక్కువ, అయితే టైరు మడ్‌గార్డు దాటి బయటకు రాకూడదు. బీమా రెన్యూవల్ సమయంలో చక్రాల బిల్లు చూపించి వాటి విలువను పాలసీలో చేర్పించండి. చేర్చని వస్తువుకు క్లెయిమ్ రాదు.

పౌడర్ విషయంలో మాత్రం రంగుల షెడ్డు గారితో పూర్తిగా ఏకీభవించలేను. తొట్టిలో ముంచవద్దని, బ్లాస్టింగ్ వేరేచోట చేయించి తెస్తామని, ఓవెన్ 190 దాటవద్దని చెప్పి దగ్గర కూర్చుని చేయించుకుంటే ఊరి షాపులో కూడా పని బాగానే వస్తుంది. మా ఇంటి కారు చక్రాలు అలాగే చేయించాం, రైస్ మిల్లుల లారీల వెనుక రోజూ తిరిగే బండి అయినా ఇప్పటికీ పైపొర లేవలేదు.

రంగుల_షెడ్డు (జడ్చర్ల)

దగ్గర కూర్చుని చేయించుకునే ఓపిక ఉంటే నాకూ అభ్యంతరం లేదు. అప్పుడు వారికి తప్పనిసరిగా చెప్పవలసింది ఒకటుంది. హబ్‌కు ఆనే వెనుక ముఖం మీద, నట్టు కూర్చునే ఏటవాలు గుంటల్లో, మధ్య రంధ్రం లోపల పౌడర్ పడకూడదు. అక్కడ వేడి తట్టుకునే టేపు, రబ్బరు బిరడాలు పెట్టి మూయాలి. మందపాటి పొర మీద నట్టు బిగిస్తే ఆ పొర నలుగుతూ, చిట్లుతూ పోతుంది, నట్టు వదులవుతుంది. మధ్య రంధ్రంలో పొర పడితే హబ్ రింగు దూరదు.

పానగల్లు_పథికుడు (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. వెళ్ళి కొలిచి చూశాను, ఒక వరుస 100, రెండోది 114.3 ఉన్నాయి. వంగిన చక్రం వద్దన్నాను, అదే డిజైన్‌లో వేరొకటి తెప్పించి ఇస్తామని ఒప్పుకున్నారు. ఓవెన్ గురించి అడిగితే మా ఊరి షాపువారు మీటరు పాడైందని, చేత్తో తెరిచి చూసి అంచనా వేస్తామని చెప్పారు. కనుక ఇంటి దగ్గరే స్ప్రే చేయాలని నిర్ణయించుకున్నాను. వరుస చెప్పగలరా? పాత ఇనుప డిస్కుల నట్లనే వీటికి వాడవచ్చా?

రంగుల_షెడ్డు (జడ్చర్ల)

మీటరు లేని ఓవెన్‌కు ఇవ్వకపోవడం మంచిదైంది.

టైరు, వాల్వు తీయించి, పాత బ్యాలెన్సింగ్ తూకాలు, వాటి జిగురు పూర్తిగా తీసేయండి. షాంపూతో కడిగి, సిలికాన్ పాలిష్ మరకలు పోయేలా వ్యాక్స్ రిమూవర్‌తో తుడవండి. పేపరు కొట్టక ముందే తుడవాలి, లేకపోతే ఆ జిడ్డును మీరే లోహంలోకి రుద్దినట్లు అవుతుంది. తుప్పు గీతలున్న చోట 120 లేదా 180 పేపరుతో లోహం దాకా వెళ్ళి, 320తో చదును చేయండి. అంచు గీతల్లో లోతులేని వాటిని పేపరుతోనే కలపండి. పుటీ వాడితే అతి పలుచగా, పైముఖం మీద మాత్రమే వాడండి. టైరు కూర్చునే అంచు దగ్గర పుటీ పెట్టవద్దు. టైరు ఎక్కించే మిషన్‌కే అది రాలిపోతుంది, అక్కడి నుంచి గాలి కారుతుంది.

లోహం బయటపడిన చోట మామూలు ప్రైమర్ పట్టదు. ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి అంటుకునే ప్రైమర్) పలుచగా ఒక కోటు గాని, రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ గాని వేయండి. పేపరు కొట్టిన అల్యూమినియాన్ని రాత్రంతా వదిలేసి మరునాడు ప్రైమర్ వేయవద్దు, గాలి తగిలి పైన ఆక్సైడ్ పొర పడుతుంది. ప్రైమర్ ఆరాక 600 పేపరుతో నీళ్ళు పోస్తూ రుద్దండి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పు నీళ్ళే కనుక, చివరి కడుగుడుకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గాని ఫిల్టర్ నీళ్ళు గాని వాడండి. ఆరిన ఉప్పు మరక మీద వేసిన రంగు బొబ్బలెక్కుతుంది.

సిల్వర్ బేస్ కోటు రెండు మూడు పలుచని చేతులుగా వేసి, పైన హార్డనర్ కలిపే రెండు భాగాల క్లియర్ కోటు వేయండి. డబ్బా స్ప్రే లక్కరు చూడటానికి బాగుంటుంది గాని పెట్రోలు గుడ్డ తగిలితే కరుగుతుంది, బ్రేకు దుమ్ము అందులో దిగబడుతుంది. హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది కనుక ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు ఉంటేనే ముట్టుకోండి. లేదా ఆ ఒక్క కోటు డెంటింగ్ షెడ్డులో వేయించుకోండి. వేసవిలో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు చక్రానికి చేరేలోపే ఆరి గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున, నేల మీద నీళ్ళు చల్లి, నిదానంగా ఆరే థిన్నర్‌తో వేయండి. ఆ తరువాత వారం దాకా టైరు ఎక్కించవద్దు. బాత్రూం యాసిడ్‌తో చక్రాలు కడిగే వాషింగ్ సెంటర్లకు ఎప్పుడూ ఇవ్వవద్దు.

పాలమూరు_పానా (మహబూబ్‌నగర్)

నట్ల ప్రశ్నకు నేను జవాబిస్తాను. స్విఫ్ట్ స్టడ్ 12 మి.మీ. మందం, దాని మర (చుట్టుకు చుట్టుకు మధ్య దూరం) 1.25 మి.మీ. హ్యుందాయ్, హోండా, టొయోటా చిన్న కార్లకు మందం అదే అయినా మర 1.5. దుకాణంలో అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి కనుక వేరే నట్టు చేతికి వచ్చి, ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే, పానాతో తిప్పి మర కోయవద్దు. ఏ నట్టయినా ముందు చేత్తోనే పూర్తిగా తిరగాలి. హోండా కంపెనీ నట్ల ముఖం గుండ్రంగా ఉంటుంది, మీ చక్రానికి 60 డిగ్రీల ఏటవాలు ముఖం కావాలి.

మీ పాత నట్లు ఏటవాలువే అయినా, అల్లాయ్ చక్రం ఇనుప డిస్కు కన్నా మందం కనుక స్టడ్ మీద తక్కువ మర పట్టవచ్చు. కనీసం స్టడ్ మందం అంత, అంటే 12 మి.మీ. పట్టాలి. 1.25 మరకు అది దాదాపు పది చుట్లు. అంతకు తగ్గితే ఆ చక్రం వద్దు, లేదా పొడవు స్టడ్‌లు వేయించాలి. ఇంకొకటి, అల్లాయ్ రంధ్రాలు ఇరుకుగా ఉంటాయి కనుక డిక్కీలోని పానా అందులో దూరకపోవచ్చు. పలుచని గోడ ఉన్న సాకెట్ ఒకటి కొని జాకీతో పాటే పెట్టండి. పాత నట్లు నాలుగు కూడా అక్కడే ఉంచండి, స్టెప్నీ ఇనుపది కనుక కొత్త నట్లు దానికి సరిగ్గా కూర్చోకపోవచ్చు.

బిగించేముందు హబ్ ముఖం మీది తుప్పును వైరు బ్రష్‌తో తీసి, రింగు పెట్టి, బండి గాలిలో ఉండగానే నాలుగు నట్లూ చేత్తో తిప్పి, ఎదురెదురు వరుసలో కొంచెం కొంచెంగా బిగించాలి. చివరి బిగింపు చక్రం నేలకు ఆనాక టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) వేయాలి. చిన్న కార్లకు ఇది సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. పావు మీటరు పానా చివర 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 170 న్యూటన్ మీటర్లు దాటుతుంది. స్టడ్‌లు సాగిపోయేది అలాగే. ఎయిర్ గన్‌తో కొట్టేవారిని మొదటే ఆపండి. మర మీద గ్రీజు రాయవద్దు, అదే టార్క్‌కు స్టడ్ మీద పడే లాగుడు పెరిగిపోతుంది.

బ్యాలెన్సింగ్‌కు అంటించే తూకాలే వేయమనండి, కొట్టి తగిలించేవి మీ కొత్త రంగును అంచు దగ్గరే చీలుస్తాయి. అంతకు ముందే వట్టి చక్రాన్ని మిషన్ మీద తిప్పించి ఆ మార్చి తెచ్చిన నాలుగో చక్రం అంచును పక్క నుంచి గమనించండి, కంటికి ఆడుతున్నట్లు కనిపిస్తే టైరు ఎక్కించక ముందే వాపసు ఇవ్వండి. నల్లగొండ నుంచి మిర్యాలగూడ ఒకసారి వెళ్ళి వస్తే దాదాపు 80 కిలోమీటర్లు అవుతుంది. వచ్చాక చక్రాలు చల్లబడనిచ్చి నట్లన్నీ మళ్ళీ టార్క్ రెంచితో చూసుకోండి.